మక్కా వీధుల్లో అబ్బాజాన్ వెంట

ఇహ్రామ్ వస్త్రానికి జేబు ఉండదు. కుట్టులేని రెండు తెల్లని బట్టలు, నడుముకు ఒకటి, భుజాలపై ఒకటి. తలపై టోపీ సైతం ఉండరాదు. పాలకుడైనా, పాటకజనంలో ఒకడైనా ప్రభువు సన్నిధికి ఒకే రూపంలో వెళ్ళాలన్న ఈ నియమంలోని ఔన్నత్యాన్ని గురించి ఎందరో రాశారు. మేము దాని మరో పార్శ్వాన్ని గురించి రాయవలసి ఉంది. తన ఊరు, తాను దిగిన హోటలు, వెంట వచ్చిన కొడుకుల పేర్లు చెప్పలేని వృద్ధుడొకరు ఆ దుస్తుల్లో తప్పిపోతే, వెదికేవారు ఆయన్ను ఏమని వర్ణించాలి? తెల్లని బట్టలు, తెల్లని గడ్డం, డెబ్బై ఆరేళ్ళ వయస్సు. మస్జిదె హరామ్‌లో ఏ వేళలోనైనా ఆ ఆనవాళ్ళు గలవారు వేల సంఖ్యలో ఉంటారు.

మా అబ్బాజాన్ గుంతకల్లులో రైల్వే గార్డుగా పనిచేసి పదవీ విరమణ పొందారు. (ఆ ఉద్యోగానికి 2022లో రైల్వేవారు ట్రైన్ మేనేజర్ అని కొత్త పేరు పెట్టారు గాని, ఆయన దృష్టిలో గార్డు గార్డే.) నాలుగేళ్ళ క్రితం ఆయనకు డిమెన్షియా మొదలైంది. తొలుత కళ్ళజోడు ఎక్కడ పెట్టారో మరచిపోయేవారు. తరువాత భోజనం చేసిన సంగతి మరచిపోసాగారు. ఆపైన తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి, బూట్లు తొడుక్కొని, డ్యూటీకి వేళయిందంటూ బయలుదేరడం ఆరంభించారు. మేము రైల్వే క్వార్టర్స్ వదలి సొంత ఇంటికి మారి పద్ధెనిమిదేళ్ళయింది. ఆయన మాత్రం ఇల్లంటే ఆ క్వార్టర్సే అనుకుంటారు.

మన దేశంలో అరవై ఏళ్ళు పైబడిన వారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మంది ఈ వ్యాధితో జీవిస్తున్నారని 2023లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. మన మొహల్లాల్లో మాత్రం దీనిని ఇప్పటికీ ‘ముసలితనపు చాదస్తం’ అని కొట్టిపారేస్తుంటారు. దైవగ్రంథం దీనిని చిన్న విషయంగా చూడలేదు. మనుషుల్లో కొందరు ఎంతో తెలిసిన తరువాత ఏమీ తెలియని నికృష్ట వయస్సుకు మరల్చబడతారని సూరె నహ్ల్‌లోను, సూరె హజ్‌లోను ప్రస్తావించింది. మహాప్రవక్త (సల్లం) ఆ దశ నుంచి అల్లాహ్ శరణు వేడుకునేవారని హదీసుల ద్వారా తెలుస్తోంది. హజ్ పేరు గల సూరాలోనే ఆ ప్రస్తావన ఉండటం మా ప్రయాణంలో పదే పదే మనసుకు వచ్చింది. ఎందుకంటే మా ముందున్న ప్రశ్న కూడా హజ్‌కు సంబంధించినదే.

అబ్బాజాన్ ఉద్యోగ విరమణ సొమ్ముతో అమ్మీజాన్‌ను వెంటబెట్టుకొని హజ్‌కు వెళ్ళాలనుకున్నారు. ఆ ఏడాదే ఆమెకు మూత్రపిండాల వ్యాధి సోకింది. ఆమె పోయిన తరువాత ఆయనకు ఈ మరపు వచ్చింది. అన్నీ మరచిపోతున్న ఈ మనిషి “నా హజ్ ఏమైంది బేటా?” అన్న మాటను మాత్రం మరువలేదు. ఆయన్ను హజ్‌కు తీసుకువెళ్ళగలమా, లేదా? ఈ ప్రశ్నకు ఇంట్లో కూర్చొని జవాబు చెప్పడం మా ఇద్దరు అన్నదమ్ములకు సాధ్యం కాలేదు. వైద్యునితోను, మా ఊరి ఆలిమ్ సాహెబ్‌తోను సంప్రదించి, జనసమ్మర్దం తక్కువగా ఉండే నెలలో ముందుగా ఉమ్రాకు బయలుదేరాము.

శంషాబాద్ విమానాశ్రయం చేరకముందే కొన్ని ఏర్పాట్లు చేసుకున్నాము. అబ్బాజాన్ మణికట్టుకు తేలికగా ఊడిరాని పట్టీ కట్టాము. దానిపై ఆయన పేరు, మా ఇద్దరి ఫోను నంబర్లు, ‘ఈయనకు మతిమరుపు వ్యాధి ఉంది, దయచేసి ఫోను చేయండి’ అన్న మాట అరబ్బీ, ఉర్దూ, ఇంగ్లీషు భాషల్లో రాయించాము. ఊరి పేరు కావాలనే రాయలేదు. మక్కాలో ఆయన్ను చూసినవారికి గుంతకల్లు ఎక్కడుందో తెలిసి ప్రయోజనమేముంది? ఇహ్రామ్ వస్త్రం అంచు మీద చెరగని సిరాతో మరోసారి ఫోను నంబరు రాశాము. ఇహ్రామ్‌లో గడియారం, నడుము పట్టీ ధరించడానికి ఉలమా అనుమతి ఇచ్చారు గనుక, జీపీఎస్ గడియారం కూడా పెట్టాము. ఈ గడియారాలపై మరీ ఎక్కువ భరోసా పెట్టుకోరాదని అక్కడికి వెళ్ళాక తెలిసింది. అన్ని అంతస్తులు గల హరమ్‌లో మనిషి ఏ అంతస్తులో ఉన్నదీ అది చెప్పదు. ఛార్జింగ్ అయిపోతే అది చేతికి బరువు మాత్రమే. మణికట్టు పట్టీకి ఛార్జింగ్ అక్కర్లేదు.

మరొక విషయం ఎవరూ చెప్పగా మేము వినలేదు. ఉమ్రా పూర్తయ్యాక పురుషులు తల గొరిగించుకుంటారు. అంతటితో గుర్తింపు కార్డుపై ఉన్న ఫోటోకు, ఎదుట ఉన్న మనిషికి పోలిక పోతుంది. అబ్బాజాన్ అయితే హోటల్ అద్దంలో తనను తాను చూసుకొని, “ఆ హాజీ సాహెబ్ ఎవరు? సలాం చేస్తే జవాబివ్వడం లేదు” అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియని క్షణమది. అద్దంపై తువాలు కప్పాము. ఆనాటి నుంచి ప్రతి ఉదయం గది దాటకముందే, ఆ రోజు వేసుకున్న దుస్తులతో తల నుంచి పాదాల దాకా ఆయన ఫోటో ఒకటి తీసేవాళ్ళం.

హరమ్ పరిసరాల్లో రాత్రి అనేది ఉండదు. దీపాల వెలుగు, జనప్రవాహం, అజాన్, మళ్ళీ జనప్రవాహం. 601 మీటర్ల ఎత్తున నిలిచిన గడియారపు గోపురం ఎటు చూసినా కనిపిస్తూనే ఉంటుంది. ఆరోగ్యవంతులకు అది దారి చూపే గురుతు. పగలు రాత్రుల తేడా చెదిరిపోయిన మనిషికి అది అర్ధరాత్రి వేళ కూడా డ్యూటీకి పిలిచే స్టేషను గడియారం. ఈ వ్యాధి గలవారిలో పొద్దువాలే వేళకు కలవరపాటు పెరుగుతుందని వైద్యులు చెబుతారు. మగ్రిబ్, ఇషాల మధ్య అబ్బాజాన్ కళ్ళల్లో ఆ వెతుకులాటను మేము ప్రతిరోజూ చూశాము.

మూడవ రాత్రి జరిగిన సంగతి చెప్పాలి. ముగ్గురికీ ఒకే గది కావాలని మేము ముందుగానే రాతపూర్వకంగా కోరాము, యాత్ర ఏర్పాటు చేసిన వారు అంగీకరించారు. తీరా అక్కడికి వెళ్ళాక మమ్మల్ని ఒక అంతస్తులోను, అబ్బాజాన్‌ను మరో ఇద్దరు పెద్దలతో వేరొక అంతస్తులోను ఉంచారు. రోజూ అడుగుతుంటే రేపు చూద్దామన్నారు. ఆ రాత్రి ఫజ్ర్‌కు గంట ముందు వినిపించే మొదటి అజాన్‌కు గదిలోని ఒక పెద్దాయన లేచి తహజ్జుద్ కోసం హరమ్‌కు బయలుదేరారు. ఆయన వెనుకే అబ్బాజాన్ కూడా నడిచారు. తెరిచిన తలుపు, ముందు నడిచే మనిషి, వినవస్తున్న పిలుపు, ఇంకేం కావాలి? ఇరవై నిమిషాల తరువాత మా ఫోను మోగింది. వీధులు ఊడ్చే బంగ్లాదేశ్ కార్మికుడొకరు బస్సులు ఆగే చోట ఆయన్ను చూశారట. ఒక బస్సు కదలబోతుంటే అబ్బాజాన్ చెయ్యెత్తి, అటూ ఇటూ చూసి, ఇక వెళ్ళవచ్చని సైగ చేస్తున్నారట. డ్రైవరు నవ్వాడట. ఆ కార్మికుడు మాత్రం నవ్వలేదు. దగ్గరికి వెళ్ళి మణికట్టు చూశాడు. మేము పరుగున చేరేసరికి తన తాగునీటి సీసాను ఆయన చేతికిచ్చి, పక్కనే మెట్టుపై కూర్చొని ఉన్నాడు. మేమిచ్చిన రియాళ్ళు తీసుకోలేదు. తన ఇంట్లోనూ ఇలాంటి తండ్రి ఉన్నాడని వచ్చీరాని ఉర్దూలో చెప్పి, చీపురు తీసుకొని వెళ్ళిపోయాడు.

మరుసటి రోజే గది మారింది. గది లోపల తలుపు కనబడకుండా దుప్పటి ఒకటి తెరలా వేలాడదీశాము. తలుపు కంటపడకపోతే బయటకు వెళ్ళాలన్న తలంపు సగం తగ్గుతుంది. కొందరు ఇలాంటి వారిని గదిలో ఉంచి బయట తాళం వేస్తుంటారు. దీనిని మేము గట్టిగా వ్యతిరేకిస్తాము. నిప్పు అంటుకుంటే, కాలు జారి పడితే లోపలి మనిషికి దిక్కెవరు? పైగా తాళం ఆయనకు అర్థమయ్యేది ఒక్క విధంగానే: తాను ఖైదీనని.

ఇక నమాజు. దీన్ని గురించి మేము బయలుదేరే ముందు ఆలోచించనే లేదు. ఇంటి వద్ద ఎప్పుడూ ఒకరు ఆయన పక్కన ఉంటారు గదా. హరమ్‌లో మా ముగ్గురం వరుసలో నిలబడి సజ్దాలోకి వెళ్ళామంటే, ఆ కొద్ది క్షణాలు ఆయన మా కంటికి కనబడరు. ఆ క్షణాల్లోనే ఆయన లేచి నడక సాగించగలరు. నమాజు ముగిశాక లక్షల మంది ఒకేసారి కదిలే ఆ ప్రవాహంలో ఏ దిశగా వెళ్ళారో ఎవరు చెప్పగలరు? మస్జిదె హరామ్‌లో ఒక నమాజుకు ఇతర చోట్ల చేసే లక్ష నమాజుల పుణ్యముందన్న హదీసు తెలియని ముస్లిం ఉండడు. అంతటి జమాత్‌ను వదులుకోవడమా? మా మనస్సు ఎంతగానో గుంజాటన పడింది. చివరికి వంతులు వేసుకున్నాము. ఒకరు జమాత్‌లో నిలిచినప్పుడు మరొకరు అబ్బాజాన్ వెనుక కూర్చొని కనిపెట్టుకొని ఉండటం, ఆ తరువాత విడిగా నమాజు చేసుకోవడం. బావిలో పడబోతున్న అంధుణ్ణి కాపాడటానికి నమాజును సైతం మధ్యలో ఆపవచ్చునని ఫిఖ్హ్ గ్రంథాల్లో మనం చదువుకున్న ఉదాహరణకు అర్థం మాకు అక్కడ బోధపడింది. తల్లి సేవలో ఉండిపోయి మహాప్రవక్త (సల్లం) దర్శనానికి నోచుకోలేకపోయిన ఉవైస్ ఖర్నీ (రహ్మ) వృత్తాంతం కూడా ఆ వంతుల్లో కూర్చున్నప్పుడే కొత్తగా అర్థమైంది.

జమాత్ ముగిసిన వెంటనే లేచేవాళ్ళం కాదు. అరగంట సేపు అక్కడే కూర్చొని, జనం పలచబడ్డాక కదిలేవాళ్ళం. ఎస్కలేటర్లు పూర్తిగా మానుకున్నాము. వాటిపై ఒకరు ఎక్కి ఒకరు వెనుకబడితే చాలు, విడిపోయినట్లే. వుజూఖానాకు వెళితే ఒకరు లోపలికి, ఒకరు గుమ్మం వద్ద. బయటికి రావడానికి ఎప్పుడూ ఒకే ద్వారం. దాని నంబరు కార్డుపై రాసి పెట్టుకున్నాము.

తవాఫ్‌లో మమ్మల్ని ఆశ్చర్యపరచిన విషయం ఒకటుంది. మేము భయపడింది మతాఫ్‌ను గురించే. నడిచింది మొదలు అబ్బాజాన్ ముఖంలో కలవరం తగ్గిపోయింది. హజ్రె అస్వద్‌కు ఎదురుగా ఉన్న పచ్చదీపం నుంచి బయలుదేరి మళ్ళీ ఆ పచ్చదీపం వద్దకే చేరుకోవడం. జీవితమంతా పచ్చదీపం కోసం ఎదురుచూసిన మనిషికి అది చాలు. “సిగ్నల్ ఇచ్చారు, పదండి” అన్నారు ప్రతి చుట్టులోను. ఎన్నో చుట్టో ఆయనకు గుర్తులేదు. లెక్క మేము చూసుకున్నాము. కానీ పెదవులపై దుఆలు ఆగలేదు. మా పేర్లు మరచిపోయిన నాలుక సూరె ఫాతిహాలో ఒక్క అక్షరం తప్పలేదు. చిన్ననాట మనసులో నాటుకున్నవి ఈ వ్యాధిలో అన్నిటికంటే చివరన పోతాయంటారు వైద్యులు.

సయీలోనూ అంతే. సఫా నుంచి మర్వా సుమారు 450 మీటర్లు. ఏడు మార్లకు మూడు కిలోమీటర్లు దాటుతుంది. దప్పికతో అలమటిస్తున్న పసివాడి కోసం నీటి జాడ వెదుకుతూ హజ్రత్ హాజిరా (అలైహిస్సలాం) పరుగులెత్తిన చోటు. ఏదో వెదుకుతూ అలా అటూ ఇటూ తిరగడమే ఇంటి వద్ద మేము అబ్బాజాన్‌లో చూసి కంగారుపడిన విషయం. ఇక్కడ అదే ఆరాధన. పొడవాటి ఆ హాలుకు రెండు కొసలున్నాయి, దారి తప్పే మలుపులు లేవు. మధ్యలో చక్రాల కుర్చీలకు వేరే బాట ఉంది. మేము ఒక కుర్చీని ఖాళీగా తోసుకుంటూ నడిచాము, అలసినప్పుడు కూర్చోబెట్టడానికి. ఆయన ఐదవ మారులో మాత్రమే కూర్చున్నారు.

నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టర్‌డామ్‌కు సమీపాన గల వీస్ప్‌లో 2009లో హోగెవేక్ అనే గ్రామాన్ని డిమెన్షియా రోగుల కోసమే నిర్మించారు. అక్కడ ఇళ్ళు, వీధులు, దుకాణం, హోటలు అన్నీ ఉన్నాయి. రోగులు తమ ఇష్టానుసారం తిరుగుతారు. నిఘా పెట్టేవారు మామూలు దుస్తుల్లోనే ఉంటారు. బయటకు దారి మాత్రం ఒక్కటే. ఇలాంటి వారి కోసం కట్టే చోట్ల నడకదారి ఎక్కడా గోడకు తగిలి ఆగిపోకుండా, తిరిగి మొదటి చోటికే చేర్చేలా ఉండాలని నిర్మాణ నిపుణులు చెబుతారు. మతాఫ్ ఆ ఉద్దేశ్యంతో ఏర్పడినది కాదు, అది అల్లాహ్ గృహం. రెండింటినీ సమానం చేయడం మా అభిమతం కాదు. అయినా నడవాలన్న ఆరాటం గల మనిషికి, నడిచినకొద్దీ బయలుదేరిన చోటికే చేర్చే దారి ఎంతటి నెమ్మదినిస్తుందో మేము మతాఫ్‌లోనే చూశాము.

ఉమ్రా తరువాత ఒక ఉదయం జియారత్ బస్సులో మినాకు వెళ్ళాము. మా ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది. హజ్ రోజులు కావు గనుక మినా నిర్మానుష్యంగా ఉంది. లోయ నిండా, కొండ వాలుల దాకా, కనుచూపు మేర తెల్లని గుడారాలు. లక్షకు పైగా ఉంటాయి. 1997 ఏప్రిల్‌లో ఇక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో 340 మందికి పైగా యాత్రికులు మరణించాక, నిప్పంటుకోని వస్త్రంతో వీటిని నిలిపారు. ఎంతో మేలైన ఏర్పాటు. కానీ ఒక గుడారానికి, పక్క గుడారానికి నంబరు తప్ప తేడా లేదు. ఒక వీధికి, పక్క వీధికి స్తంభంపై గుర్తు తప్ప తేడా లేదు. మతి స్థిమితంగా ఉన్నవారే అక్కడ దారి తప్పుతారు. 2018లో హజ్ చేసిన మా అన్నయ్య జమరాత్ నుంచి తన గుడారానికి చేరడానికి మూడు గంటలు తిరిగాడు. అతనికి నంబరు చదవడం తెలుసు, దారి అడగడం తెలుసు. 2024 హజ్‌లో మక్కాలో ఉష్ణోగ్రత 50 డిగ్రీలు దాటినప్పుడు 1,300 మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు అనుమతి పత్రాలు లేకుండా వచ్చి, ఎండలో నీడ లేక దూరాలు నడిచినవారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. ఆ ఎండలో ఆ గుడారాల నడుమ తన క్వార్టర్సు వెదుక్కుంటూ నడిచే అబ్బాజాన్‌ను ఊహించుకున్నాము.

ఆయన బస్సు కిటికీలోంచి చాలాసేపు చూసి, “ఇన్ని పెట్టెల బండి నేనెప్పుడూ చూడలేదు” అన్నారు.

తిరుగు బస్సులోనే ఇద్దరం ఒక మాటకు వచ్చాము. ప్రయాణానికి తాళలేని వృద్ధుడైన తన తండ్రి తరఫున హజ్ చేయవచ్చునా అని ఖస్అమ్ తెగకు చెందిన ఒక స్త్రీ వీడ్కోలు హజ్ సందర్భంగా అడిగినప్పుడు, మహాప్రవక్త (సల్లం) చేయవచ్చునని సెలవిచ్చారు. అబ్బాజాన్‌కు స్థోమత, తెలివి రెండూ ఉన్న రోజుల్లోనే హజ్ విధి అయిందని, కోలుకునే ఆశ లేని వ్యాధి గనుక ఆయన తరఫున హజ్జె బదల్ చేయించవచ్చునని ఆలిమ్ సాహెబ్ ముందే చెప్పి ఉన్నారు. అన్నయ్య తన హజ్ పూర్తి చేసుకున్నవాడు. ఆ బాధ్యత అతను తీసుకున్నాడు. ఆ రోజుల్లో తమ్ముడు గుంతకల్లులో అబ్బాజాన్ వద్ద ఉంటాడు. ఎవరి స్థితిని బట్టి వారు తమ ఉలమాను అడిగి తెలుసుకోవడం మంచిది. తొలి దశలో ఉన్నవారి విషయం వేరుగా ఉండవచ్చు.

మదీనాలో గడిపిన ఐదు రోజులు ప్రశాంతంగా సాగాయి. మస్జిదె నబవీ ఆవరణలో గొడుగులు విచ్చుకోవడం, ముడుచుకోవడం చూస్తూ అబ్బాజాన్ గంటల తరబడి కూర్చునేవారు.

ఊరికి వచ్చాక మా వీధి వారందరినీ, పెళ్ళికి పిలిచినట్టు ఇంటింటికీ వెళ్ళి కలిశాము. మన ఇళ్ళల్లో ఈ వ్యాధిని దాచిపెట్టే అలవాటుంది. పరువు పోతుందని భయం. దాచిన ఇంటి పెద్ద తప్పిపోతే ఆపినవారుండరు, ఎందుకంటే ఆపాలని ఎవరికీ తెలియదు. మా అనుమతితో ఇమామ్ సాహెబ్ ఒక జుమా తరువాత నమాజీలకు విషయం చెప్పారు. స్టేషను బయటి ఆటోవాళ్ళకు, గేటు దగ్గరి టీ దుకాణదారుకు అబ్బాజాన్ ఫోటో, మా నంబర్లు ఇచ్చాము. ఆయన కనబడితే ‘ఎక్కడికి వెళుతున్నారు’ అని గద్దించవద్దని, ‘సాబ్, బండి లేటు, టీ తాగండి’ అని కూర్చోబెట్టి ఫోను చేయమని కోరాము. ఆ మాట టీ దుకాణదారే మాకు నేర్పాడు. పెద్దల కోసం ఉన్న 14567 సహాయవాణి, పోలీసుల 112 నంబర్లు ఇంట్లో తలుపు పక్కన రాసి పెట్టాము. తప్పిపోయినట్టు తెలిసిన మరుక్షణమే పోలీసులకు చెప్పాలి, చీకటిపడే దాకా ఆగరాదు.

ప్రతిరోజూ అసర్ తరువాత మాలో ఒకరు ఆయనతో నడుస్తారు. ఇంటి నుంచి మస్జిదు, మస్జిదు నుంచి పాత క్వార్టర్సు, అక్కడి నుంచి స్టేషను గేటు, టీ దుకాణం, మళ్ళీ ఇల్లు. క్వార్టర్సు ముందు ఆగి ఆయన కాసేపు చూస్తారు. ఇప్పుడక్కడ వేరే కుటుంబముంటోంది, ఆ ఇంటి కోడలు రోజూ గేటు దగ్గరకు వచ్చి, “డ్యూటీ అయిపోయిందా, చాచా?” అని పలకరిస్తుంది. అయిందమ్మా అంటారు. మగ్రిబ్ అజాన్‌కు ముందే ఇల్లు చేరుతున్నాము.